రాత్రిపూట తెరిచి ఉండే ఆసుపత్రికి ఎంతమంది కావాలి?

వెంటిలేటరు మాత్రం కొనకండి. మిగతా సంగతులు ఒక్కొక్కటిగా చెబుతాను.

మీరు రాసింది ఇదీ. మీది హిందూపురం అవతల పల్లె. డెబ్బై దాటిన అమ్మానాన్నలు అక్కడ, మీరు బెంగళూరులో. మండల కేంద్రంలోని ముప్పై పడకల ప్రభుత్వ ఆసుపత్రికి కొత్త భవనం వచ్చింది గానీ, సాయంత్రం దాటితే ‘హిందూపురం తీసుకెళ్లండి, లేదంటే అనంతపురం’ అనే మాట ఒక్కటే వినిపిస్తోంది. ఊళ్లో సగం ఇళ్లకు తాళాలు, బడిలో పిల్లలు పట్టుమని పదిమంది లేరు. మెడికల్ కాలేజీలు ఇన్ని పెరుగుతుంటే డాక్టర్లంతా ఎటు పోతున్నారన్నది మీ ప్రశ్న. బెంగళూరులో ఉన్న మీ ఊరివాళ్లంతా చందాలు వేసుకుని ఆ ఆసుపత్రికి వెంటిలేటరో డయాలిసిస్ యంత్రమో ఇవ్వాలన్నది మీ ఆలోచన.

నేను మత్తు డాక్టరును. సరిహద్దుకు అటువైపు ఆంధ్రలో ప్రభుత్వ ఆసుపత్రుల్లో చాలా ఏళ్లు పనిచేసి, ఇప్పుడు బెంగళూరులో ఉంటున్నాను. కాబట్టి డాక్టర్లు ఎటు పోతున్నారన్న ప్రశ్నకు సగం జవాబు నేనే అనుకోండి.

ముందు ఒక చిన్న లెక్క చూడండి. వారానికి 168 గంటలు. ఒక మనిషి చేత న్యాయంగా చేయించగలిగిన పని 48 గంటలు. భాగిస్తే మూడున్నర వస్తుంది. సెలవులు, జబ్బులు, పండుగలు, శిక్షణలు, కోర్టు సాక్ష్యాలు కలిపితే, ఒక్క కుర్చీ పగలూ రాత్రీ ఖాళీ లేకుండా ఉండాలంటే నలుగురైదుగురు కావాలి. మరి మీ మండలంలోని లాంటి ముప్పై పడకల సీహెచ్‌సీకి, అంటే సామాజిక ఆరోగ్య కేంద్రానికి, ప్రభుత్వ ప్రమాణాలు ఇచ్చేదేమిటి? సర్జను ఒకరు, కాన్పుల డాక్టరు ఒకరు, పిల్లల డాక్టరు ఒకరు, జనరల్ ఫిజీషియను ఒకరు, మత్తు డాక్టరు ఒకరు. అంటే మంజూరైన పోస్టులన్నీ నిండినా ఒక్కో విభాగానికి వారంలో 120 గంటలు ఎవరూ ఉండరు. ‘పోస్టు భర్తీ అయింది’ అన్న వార్తకూ ‘రాత్రి డాక్టరు ఉన్నాడు’ అన్న మాటకూ సంబంధం లేదు.

ఆ పోస్టులైనా నిండాయా అంటే అదీ లేదు. కేంద్ర ఆరోగ్య శాఖ గ్రామీణ ఆరోగ్య గణాంకాల ప్రకారం, 2022 మార్చి 31 నాటికి దేశంలోని గ్రామీణ సీహెచ్‌సీల్లో కావలసిన స్పెషలిస్టుల్లో దాదాపు 80 శాతం మంది లేరు. సర్జన్ల కొరత 83 శాతం. ఇది ఒక జిల్లా దురదృష్టం కాదు, దేశమంతటి సంగతి.

ఒక్క డాక్టరు వస్తే చాలు, ఆసుపత్రి నడుస్తుందని ఊళ్లో పెద్దలు అనుకుంటారు. ఒక సిజేరియన్‌కు ఎంతమంది కావాలో చూస్తే ఎందుకు నడవదో తెలుస్తుంది. రాత్రి ఒంటిగంట. నిమిషానికి 110కి తగ్గకూడని బిడ్డ గుండె వేగం 80కి దిగి, పైకి రావడం లేదని నర్సు ఫోను చేసింది. కాన్పుల డాక్టరు వచ్చారు. వెన్నులో మత్తు ఇవ్వడానికి నేనూ వచ్చాను. పరికరాలు అందించే నర్సు చేతులు కడుక్కుని, గౌను వేసుకుని నిలబడింది. ఇక ఆమె బయటి వస్తువు దేన్నీ ముట్టుకోకూడదు, కాబట్టి మందులూ గుడ్డలూ విప్పి ఇవ్వడానికి మరొకరు కావాలి. పుట్టిన బిడ్డను పట్టుకోవడానికి ఒకరు, బిడ్డ ఏడవకపోతే ఊపిరి ఊదడం తెలిసినవాళ్లు ఒకరు. తల్లికి రక్తం సరిపోల్చి ఇవ్వడానికి ల్యాబ్ టెక్నీషియను. కరెంటు పోతే జనరేటరు వేసే మనిషి. ఈలోగా వార్డులో పడుకున్న పదిహేను మందిని ఎవరు చూస్తారు? ఆ రాత్రి డ్యూటీ చార్టులో ఉన్నది ఇద్దరు స్టాఫ్ నర్సులు, వాళ్లకు సాయంగా ఉండే ఒక ఎఫ్‌ఎన్‌ఓ (ఆయా).

వెన్నులో మత్తు ఇచ్చిన కొద్ది నిమిషాలకే చాలామంది తల్లులకు బీపీ పడిపోతుంది. పక్కనే నిలబడి చూస్తున్నవాడు ఉంటే ఒక సూదిమందుతో సర్దుకుంటుంది. చూసేవాడు లేకపోతే అదే ప్రాణాంతకం. అందుకే ఎంత చెయ్యి తిరిగిన కాన్పుల డాక్టరైనా మత్తు డాక్టరు లేనిచోట కేసు షీటు మీద ‘రెఫర్’ అని రాస్తారు. జనం దాన్ని బద్ధకం అంటారు. బద్ధకంతో రాసేవాళ్లు లేరని నేననను గానీ, ఒంటెద్దుతో బండి కట్టలేక రాసేవాళ్లే ఎక్కువ.

మత్తు డాక్టర్లు దొరకనప్పుడు ఎంబీబీఎస్ డాక్టర్లకే కొన్ని నెలల శిక్షణ ఇచ్చి, ప్రాణాపాయ కాన్పులకు మత్తు ఇవ్వడం నేర్పే పథకం ఒకటి ఉంది. ఆలోచన మంచిది. శిక్షణ పొందిన చాలామంది తరువాత ఆ పని చేయలేకపోయారు. కారణం పిరికితనం కాదు. శిక్షణ అయ్యాక కాన్పుల డాక్టరు లేని ఆసుపత్రికి తిరిగి వెళితే ఆ విద్యతో చేసేదేముంది? ఆరు నెలలు చేతికి పని లేకపోతే సూది ఎక్కడ గుచ్చాలో చెయ్యే మరిచిపోతుంది.

ఇక కాలేజీల సంగతి. 2014లో దేశంలో 387 మెడికల్ కాలేజీలు, సుమారు 51 వేల ఎంబీబీఎస్ సీట్లు ఉండేవి. 2023 నాటికి కాలేజీలు 700 దాటాయి, సీట్లు లక్ష దాటాయి. సీట్లు పెరగడం మంచిదే. కానీ కొత్త కాలేజీ తెరవాలంటే ముందు ప్రొఫెసర్లు కావాలి. వాళ్లు ఆకాశం నుంచి ఊడిపడరు. పక్క ఊళ్లలోని ఏరియా ఆసుపత్రుల నుంచి, జిల్లా ఆసుపత్రుల నుంచి రావలసిందే. తనిఖీ ఉందంటే డిప్యుటేషన్ ఆర్డరు వస్తుంది, చిన్న ఆసుపత్రిలో ఉన్న ఒక్క స్పెషలిస్టూ పెట్టె సర్దుకుంటాడు. 2023లో ఆంధ్రలో నంద్యాల, మచిలీపట్నం సహా ఒకేసారి ఐదు ప్రభుత్వ కాలేజీలు మొదలయ్యాయి. పదేళ్ల తరువాత వాటి ఫలితం పల్లెలకు అందవచ్చు. ఈ పదేళ్లలో మాత్రం కొత్త కాలేజీ ఎక్కడ తెరిచినా పరిసరాల్లోని స్పెషలిస్టులను అది లాక్కుంటుంది.

ఎంబీబీఎస్ చేసి బయటికి వచ్చిన కుర్రవాళ్ల తీరు వేరు. సగం మంది పీజీ పరీక్షకు చదువుకుంటూ ఉంటారు. పీహెచ్‌సీలో (ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో) చేరినా పుస్తకం పక్కనే ఉంటుంది. దాన్ని తప్పుపట్టడం నాకు ఇష్టం లేదు. పీజీ లేని డాక్టరుకు ఇప్పుడు పెళ్లి సంబంధం కూడా కుదరడం లేదు. పీజీ అయ్యాక బెంగళూరులోనో హైదరాబాదులోనో కార్పొరేట్ ఆసుపత్రి పిలుస్తుంది. అక్కడ జీతం ఎక్కువన్నది నిజమే, కానీ డబ్బు ఒక్కటే కారణమైతే ప్రభుత్వాలు ఎప్పుడో గెలిచేవి. భార్యకు ఉద్యోగం, పిల్లలకు బడి, అన్నిటికన్నా ముఖ్యంగా పక్కన సలహా అడగడానికి ఇంకో డాక్టరు ఉండడం. రాత్రి ఒక్కడే ఉన్నప్పుడు ఒక ప్రాణం పోతే బయట యాభై మంది చేరతారు. ఆసుపత్రులపై దాడులకు శిక్ష వేసే చట్టం ఆంధ్రలో 2008 నుంచే ఉంది, అయినా గేటు దగ్గర కానిస్టేబులు ఉండడు. మీ ఊరి పెద్దలు దీని గురించి ఒక్కసారైనా మాట్లాడుకున్నారా? మంచి డాక్టరు బదిలీ అయిపోతే కంటతడి పెట్టే ఊళ్లు చూశాను. అతను ఉన్నన్నాళ్లూ దొంగ మెడికల్ సర్టిఫికెట్ల కోసం ఒత్తిడి తెచ్చినవీ ఆ ఊళ్లే.

ఊళ్లు ఖాళీ అవుతున్న సంగతిని మీరు పక్కమాటగా రాశారు. నా దృష్టిలో అసలు విషయం అదే. మన ప్రమాణాలన్నీ తలల లెక్కమీద నడుస్తాయి. మైదాన ప్రాంతంలో 30 వేల మందికి ఒక పీహెచ్‌సీ, లక్షా 20 వేల మందికి ఒక సీహెచ్‌సీ. జనం పెరిగే కాలంలో వేసిన లెక్క అది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రలో స్త్రీకి సగటున 1.7 మంది పిల్లలు. జనాభా నిలకడగా ఉండాలంటే 2.1 కావాలి. దానికి తోడు పనిచేసే వయసువాళ్లు బెంగళూరులో యలహంకలోనో మారతహళ్లిలోనో ఉంటే, ఊళ్లో మిగిలేది మోకాళ్ల నొప్పులు, షుగరు, బీపీ, పక్షవాతం. కాన్పులు తగ్గుతాయి. నెలకు పది కాన్పులు జరిగేచోట సిజేరియన్లు రెండో మూడో ఉంటాయి. ఆ రెండు మూడింటి కోసం పైన చెప్పిన బృందాన్ని రాత్రింబవళ్లు కూర్చోబెట్టడం ఖర్చుతో కూడిన పని. అంతకన్నా ముఖ్యం, అది ప్రమాదం కూడా. తక్కువ కేసులు చేసే చేతులు మొద్దుబారతాయి. ఫ్రిజ్‌లో పెట్టిన రక్తం మామూలుగా 35 రోజులకు పనికిరాకుండా పోతుంది. వాడేవాళ్లు లేక పారబోస్తుంటే, కొన్నాళ్లకు ఆ ఫ్రిజ్‌ను ఎవరూ నింపరు.

ఇలాంటి దశ మనకన్నా ముందు చూసినవాళ్లు ఉన్నారు. ఉత్తరాఖండ్‌లో అల్మోడా, పౌడీ గఢ్వాల్, కేరళలో పత్తనంతిట్ట, ఇడుక్కి జిల్లాల్లో 2001 కన్నా 2011లో జనాభా తగ్గింది. జపాన్‌లో యూబారి అనే బొగ్గు గనుల పట్టణం ఒకప్పుడు లక్ష దాటిన జనాభా నుంచి పడిపోతూ 2007లో దివాలా తీసింది. 171 పడకల మునిసిపల్ ఆసుపత్రిని 19 పడకల క్లినిక్‌గా కుదించారు. అక్కడి వైద్య బృందం పడకల మీద పట్టుబట్టకుండా ముసలివాళ్ల ఇళ్లకు వెళ్లి చూసే వైద్యాన్ని పెంచింది. ఆ పట్టణం ఆరోగ్యమంతా బాగుపడిపోయిందని చెప్పే కథలు కొంచెం తియ్యగా ఉంటాయి, నేను వాటిని పూర్తిగా నమ్మను. కానీ పడకలు తగ్గడమూ వైద్యం తగ్గడమూ ఒకటి కాదని మాత్రం ఆ ఊరు చూపించింది.

కాబట్టి నా అభిప్రాయం మీ ఊళ్లో చాలామందికి నచ్చకపోవచ్చు. పదిహేను కిలోమీటర్లకు ఒకటి చొప్పున మూడు చిన్న ఆసుపత్రుల్లో మూడు సగం బృందాలను ఉంచడం కన్నా, ఒకదాన్ని రాత్రింబవళ్లు నిజంగా నడిపి, మిగతా రెండింటిని పగలు చక్కగా నడపడం మేలు. రాత్రిపూట ఆ రెండు చోట్లా అనుభవమున్న నర్సు, ఒక డ్యూటీ డాక్టరు, గేటు దగ్గర 108 బండి ఉంటే చాలు. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో 108 మొదలైనప్పటి నుంచి మనకు తెలిసిన పాఠం ఇది. ప్రాణం పోసేది దగ్గరి భవనం కాదు, సరైన చోటుకు సకాలంలో చేర్చడం. ‘మా మండలం ఆసుపత్రి స్థాయి తగ్గించారు’ అని ధర్నా చేసేవాళ్లకు ఈ మాట చేదుగా ఉంటుంది. ఇప్పుడు బోర్డు మీద ఉన్న స్థాయి రాత్రి తొమ్మిదికి ఎక్కడుందో వాళ్లే చెప్పాలి.

స్పెషలిస్టు లేకపోయినా చేయగలిగినవి చాలా ఉన్నాయి. పాముకాటు తీసుకోండి. వేరుశనగ చేలల్లో రక్తపింజరి కరిస్తే విషం ఎక్కిందో లేదో తేల్చడానికి పెద్ద ల్యాబు అక్కరలేదు. రెండు మిల్లీలీటర్ల రక్తం తీసి, శుభ్రమైన పొడి గాజు గొట్టంలో పోసి, ఇరవై నిమిషాలు కదపకుండా ఉంచి, వంచి చూడాలి. గడ్డ కట్టకపోతే యాంటీవెనమ్ మొదలుపెట్టాలి. గొట్టం గాజుదే కావాలి, ప్లాస్టిక్ గొట్టంలో మామూలు రక్తం కూడా సరిగా గడ్డకట్టదు. సబ్బుపొడితో కడిగిన గొట్టం కూడా మోసం చేస్తుంది. యాంటీవెనమ్ సీసాలు బీరువా నిండా ఉండి, గాజు గొట్టాలు ఒక్కటీ లేని ఆసుపత్రులు నాకు తెలుసు. కట్లపాము కరిస్తే ఊపిరి ఆగుతుంది. అక్కడ కావలసింది చేత్తో నొక్కి ఊపిరి ఊదే ఆంబు బ్యాగు, దాన్ని పెద్ద ఆసుపత్రి చేరేదాకా ఆపకుండా నొక్కగల మనిషి. 2030 నాటికి పాముకాటు మరణాలను సగానికి తగ్గించాలని కేంద్రం 2024లో ఒక కార్యాచరణ ప్రణాళిక ప్రకటించింది. అది నెరవేరేదీ మానేదీ ఇలాంటి గొట్టాల దగ్గరే.

గుండెపోటు కూడా అంతే. కర్ణాటకలో పునీత్ రాజ్‌కుమార్ హృదయ జ్యోతి పథకం కింద తాలూకా ఆసుపత్రుల్లో ఈసీజీ తీసి, జయదేవ లాంటి పెద్ద ఆసుపత్రి డాక్టర్ల సలహాతో గడ్డ కరిగించే ఇంజెక్షను అక్కడే ఇస్తున్నారు. ఆంధ్రలోనూ స్టెమీ (ఒక రకం గుండెపోటుకు డాక్టర్లు వాడే పేరు) పేరుతో ఇలాంటి ఏర్పాటే ఉంది. ఇంజెక్షను ఇచ్చేది ఎంబీబీఎస్ డాక్టరు, ఈసీజీ తీసేది నర్సు. కార్డియాలజిస్టు పల్లెకు రానక్కరలేదు, ఫోను ఎత్తితే చాలు.

నర్సు ప్రస్తావన వచ్చింది కాబట్టి చెబుతున్నాను. పల్లె ఆసుపత్రుల గురించి మాట్లాడే ప్రతివాడూ డాక్టరు, డాక్టరు అంటాడు. కొరతలో అసలు నొప్పి నర్సులది. బెంగళూరు చుట్టుపక్కల నర్సింగ్ కాలేజీలకు లెక్కలేదు, మన ఆంధ్ర అమ్మాయిలు ఎంతోమంది ఇక్కడ చదువుతున్నారు. చదువయ్యాక ఇక్కడి కార్పొరేట్ ఆసుపత్రి, తరువాత గల్ఫు, ఇప్పుడు జర్మనీ. ఊళ్లో కాంట్రాక్టు ఉద్యోగానికి ఏళ్లతరబడి రెగ్యులర్ కాని జీతం ఇస్తూ ఎందుకు ఉండలేదని అడిగితే ఎలా? అయినా ఉన్నవాళ్లే నడిపిస్తున్నారు. బాండు మీద, అంటే చదువయ్యాక ప్రభుత్వ సేవ చేస్తానన్న ఒప్పందం మీద, వచ్చిన కుర్ర డాక్టరు ఏడాదికి వెళ్లిపోతాడు. పదేళ్లుగా అదే లేబర్ రూములో ఉన్న సిస్టరే అతనికి కాన్పు చేయడం నేర్పి పంపుతుంది. మామూలు కాన్పులను స్వతంత్రంగా చూడగల మిడ్‌వైఫరీ నర్సులకు శిక్షణ ఇవ్వాలని కేంద్రం 2018లో మార్గదర్శకాలు తెచ్చింది. మీ ఊరి లాంటి చోట ఐదుగురు స్పెషలిస్టుల కన్నా అలాంటి నలుగురు నర్సులే ఎక్కువ కాన్పులు సురక్షితంగా చేస్తారని నా నమ్మకం.

బాండు గురించి ఒక్క మాట. కర్ణాటక 2012లో చట్టం చేసి ఒక ఏడాది నిర్బంధ సేవ పెట్టింది. కుర్చీ నిండుతుంది గానీ మనిషి నిలవడు. నిలిచే పద్ధతులు వేరు. జపాన్‌లో 1972లో పెట్టిన జిచి వైద్య విశ్వవిద్యాలయం ఒక్కో రాష్ట్రం లాంటి ప్రాంతం నుంచి ఇద్దరు ముగ్గురు పిల్లలను తీసుకుని చదివిస్తుంది. వాళ్లు తమ ప్రాంతానికి తిరిగి వెళ్లి తొమ్మిదేళ్లు పనిచేస్తే ఫీజు అప్పు రద్దవుతుంది. మన వెల్లూరు సీఎంసీలోనూ మిషన్ ఆసుపత్రులు పంపిన విద్యార్థులు చదువయ్యాక వాటికి సేవ చేయాలి. తమిళనాడు పీజీ సీట్లలో సగం ప్రభుత్వ సేవలో ఉన్న డాక్టర్లకు కేటాయిస్తూ వచ్చింది. రాష్ట్రాలకు ఆ అధికారం ఉందని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. పల్లెలో చేసిన కాలం పీజీకి మెట్టు అవుతుందంటే కుర్రవాడు పుస్తకంతో పాటు పేషెంటును కూడా చూస్తాడు. ఆంధ్రలో ఆ కోటా తగ్గిస్తే పీహెచ్‌సీ డాక్టర్లు రోడ్డెక్కేది ఇందుకే.

ఇప్పుడు మీ చందాల సంగతి. వెంటిలేటరు నడవాలంటే నిలకడైన ఒత్తిడితో ఆక్సిజన్, రక్తంలో వాయువుల పరీక్ష, ఆ ఒక్క పడక పక్కనే ఇరవైనాలుగు గంటలూ ఒక నర్సు కావాలి. కోవిడ్ కాలంలో వచ్చిన వెంటిలేటర్లు ఎన్నో చిన్న ఆసుపత్రుల్లో అట్టపెట్టె కూడా విప్పకుండా మూలన పడ్డాయి. డయాలిసిస్‌కు ఒక్కో విడతకు 120 లీటర్ల దాకా శుద్ధిచేసిన నీరు కావాలి, మన నీళ్ల గట్టిదనం మీకు తెలుసు. టెక్నీషియను సెలవు పెడితే రోగులు వారంలో మూడుసార్లు ఎక్కడికి పోవాలి?

దానికి బదులు ఆసుపత్రి అభివృద్ధి సొసైటీతో మాట్లాడండి. డబ్బు వ్యక్తుల చేతికి ఇవ్వకండి, సొసైటీ ఖాతాకే వేసి రసీదు తీసుకోండి. హిందూపురంలో ప్రైవేటుగా పనిచేసే మత్తు డాక్టరును కేసుకింత చొప్పున పిలిపించుకునే వెసులుబాటు ఉంటుంది, కానీ ఆ సొమ్ము నెలల తరబడి బకాయి పడుతుంది. ఆ బకాయిని మీరు సమయానికి తీర్చగలిగితే, రాత్రి రావడానికి కారు ఏర్పాటు చేయగలిగితే, అది వెంటిలేటరు కన్నా ఎక్కువ ప్రాణాలు కాపాడుతుంది. నర్సుల క్వార్టర్సుకు నీళ్లు, తలుపు గడియలు, వెలుతురు పెట్టించండి. ఇద్దరు నర్సులు ఊళ్లోనే కాపురముంటే అదే పెద్ద లాభం. మందుల ఫ్రిజ్‌కు ఇన్వర్టరు కొనండి. కాన్పు తరువాత రక్తస్రావం ఆపే ఆక్సిటోసిన్ రెండు నుంచి ఎనిమిది డిగ్రీల చలిలో ఉండాలి, కరెంటు పోయిన వేసవి మధ్యాహ్నాల్లో అది బలం కోల్పోతుంది. ఎవరికీ తెలియదు, ఇంజెక్షను ఇచ్చినా రక్తం ఆగదు, నింద నర్సు మీద పడుతుంది.

అమ్మానాన్నలను బెంగళూరుకు తెచ్చుకోవాలా అని కూడా అడిగారు. అది వాళ్లు తేల్చవలసింది. కానీ ఛాతీలో నొప్పి అని అర్ధరాత్రి ఫోను వస్తే ‘కారులో వేసుకుని బెంగళూరుకు వచ్చేయండి’ అనకండి. బెంగళూరు పిల్లలు తెలియక చెప్పే మాటల్లో ఇంత ప్రమాదకరమైనది ఇంకొకటి లేదు. గడ్డ కరిగించే మందు మొదటి మూడు గంటల్లో బాగా పనిచేస్తుంది, దారిలో దేవనహళ్లి దాటేసరికి ఆ గడువు చాలావరకు కరిగిపోతుంది. ముందు దగ్గర్లో ఈసీజీ, ఆ ఇంజెక్షను దొరికే చోటుకు వెళ్లాలి, తరువాతే బెంగళూరు. మూతి వంకరపోయి చెయ్యి పడిపోతే లెక్క వేరు. పక్షవాతానికి మందు నాలుగున్నర గంటల లోపు ఇవ్వాలి, అదీ తల స్కాన్ తీశాకే. కాబట్టి సీటీ స్కాన్ రాత్రి కూడా పనిచేసే ఆసుపత్రికే నేరుగా పోవాలి.

ఈసారి ఊరికి వెళ్లినప్పుడు ఒక పగలు దీనికి కేటాయించండి. నాన్నగారికి నొప్పి లేనప్పుడే ఒక ఈసీజీ తీయించి ఫోటో మీ ఫోనులో, ఆయన ఫోనులో ఉంచండి. తరువాతి ఈసీజీతో పోల్చడానికి అది చాలా అక్కరకొస్తుంది. ఇద్దరూ వాడే మందుల పేర్లు తెలుగులో కాగితం మీద రాసి బీరువా తలుపుకు అంటించండి. తరువాత మండల ఆసుపత్రికి వెళ్లి సిస్టరును మర్యాదగా అడగండి. రాత్రి ఎవరుంటారు, ఈసీజీ తీస్తారా, ఆ ఇంజెక్షను స్టాకు ఉందా, 108 బండి ఎక్కడ ఆగి ఉంటుంది అని. డ్యూటీ చార్టు గోడ మీదే ఉంటుంది. రాత్రి గడుల్లో ఒకే పేరు వారమంతా కనిపిస్తే, మీ చందాలో మొదటి రూపాయి ఎక్కడికి పోవాలో ఆ సిస్టరే చెబుతుంది.